ఇంటికో మైకు

ఇంటికో మైకు ఉండి తీరాలని చట్టం చేయాలి. తలుపుకు గడియ లేకపోయినా ఫరవాలేదు, మైకు లేని ఇల్లు ఇల్లే కాదు!

నేను మాటలు తక్కువ మనిషిని. మోటార్లు బాగుచేసుకుని బతికేవాణ్ని. స్క్రూడ్రైవర్ కొన మోటారు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే చాలు, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేస్తాను. ఇంట్లో నా సంభాషణంతా ఒక్క 'ఊఁ'తో గడిచిపోతుంది. అలాంటివాణ్ని నేనే మైకు కావాలంటున్నానంటే, దానివల్ల ఎంత మేలు పొందానో ఆలోచించండి.

మా అమ్మాయి మనుషుల్ని మాట్లాడించి, ఆ మాటల్ని కథలుగా వినిపించే కోర్సులో చేరింది. మాట్లాడించడానికి కోర్సేమిటని నవ్వకండి! దానికో పరీక్ష కూడా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పించి, రికార్డు చేసి పంపాలి. దొరక్కపోతే ఫెయిలు.

ముందు నిశ్శబ్దం కావాలంది. ఫ్యాను ఆపింది. ఫ్రిజ్ ఆపింది. గోడగడియారం బ్యాటరీ పీకింది. పక్కింటి కుక్కకు బిస్కెట్లు వేసి నోరు మూయించింది. లాభాలు చూశారా? కరెంటు ఆదా. పాలు విరిగాయి కనుక కాఫీ పెట్టే పని ఆదా. కుక్క మాకు దగ్గరి చుట్టమైంది!

గొంతు గదిలో మోగకూడదని నాకు దుప్పటి కప్పి, నోటి దగ్గర మైకు పెట్టి ప్రశ్నలడిగింది. చెమట కారిపోతుంటే, "నాన్నా, ఏడుస్తున్నావా?" అంది ఎంతో ఆశగా. ఏ కూతురు అడుగుతుందండీ తండ్రిని అంత ప్రేమగా?

అవతలివాళ్లు చెప్పడం ఆపాక ఐదు సెకన్లు నోరు మెదపకూడదట. ఆ మౌనం భరించలేక వాళ్లే మనసు విప్పేస్తారట. సరే, పాఠం ప్రకారం తను నోరు మూసుకుంది. అలవాటు ప్రకారం నేనూ మూసుకున్నాను. పావుగంట గడిచింది.

"నువ్వు పనికిరావు నాన్నా!" అని దుప్పటి లాగేసి, వాళ్లమ్మను పిలిచింది.

మా ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. "నీ గొంతు ఎలా ఉందో నువ్వే విను" అని హెడ్‌ఫోన్స్ తగిలించి, రికార్డు నొక్కింది అమ్మాయి.

"ఎడమ పక్క పలకట్లేదే."

అమ్మాయి వైరు మార్చింది. పలకలేదు. ఇక నాకు చేతినిండా పని! విప్పాను, సోల్డరింగ్ చేశాను, బిగించాను. నా చెవికి పెడితే బ్రహ్మాండంగా పలుకుతోంది, ఆవిడకు పెడితే మూగబోతోంది.

"పెట్టుకోవడం కూడా చేతకాకపోతే ఎలా?" అన్నాను. ఆ ఏడాది మొత్తంలో నేను మాట్లాడిన అతి పొడవైన వాక్యం అదే.

అమ్మాయి హెడ్‌ఫోన్స్ తిరగేసి, కుడిది ఎడమకు పెట్టింది. మళ్లీ ఎడమ పక్కే పలకలేదు.

"దాన్ని చంపకండి, అది బాగానే ఉంది" అంది మా ఆవిడ. "నా చెవే."

ఐదు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. ఈసారి పాఠంతో పనిలేకుండానే.

"అమ్మా! ఎవరికీ చెప్పని మాట! నాకు కావాల్సింది ఇదే!"

"ఎవరికీ చెప్పకపోవడమేంటే? రెండేళ్ల నుంచి చెబుతున్నా. నీ బట్టలు మడతపెడుతూ చెప్పాను, ఫోన్లోంచి తలెత్తావా? మీ నాన్నకి అన్నం వడ్డిస్తూ రెండుసార్లు చెప్పాను. 'ఊఁ' అన్నారు మహానుభావుడు."

నేను 'ఊఁ' అనబోయి ఆగాను. కొంతకాలంగా నేనెంత గొణిగినా మా ఆవిడ ఎదురు చెప్పడం లేదు. వయసుతో పాటు ఓర్పు వచ్చిందని మురిసిపోయాను. నా కుర్చీ ఆవిడకు ఎడమ పక్కన ఉంటుందండీ!

అమ్మాయి కళ్లు తడిశాయి. అయినా కోర్సు కోర్సే!

"అమ్మా, మధ్యలో లారీ హారన్ పడింది. ఇంకోసారి చెప్తావా, అచ్చం ఇలాగే?"

"చెప్తాలే. నాకు అలవాటేగా!"

అమ్మాయి పాసైంది. దాన్ని నెట్‌లో పెడితే, ముక్కూమొహం తెలియని వెయ్యిమంది మా ఆవిడ మాటను చెవులు రిక్కించి విన్నారట. "రెండేళ్ల ముందే తీసుకొచ్చి ఉంటే ఏదైనా చేసేవాణ్ని" అన్నాడు చెవుల డాక్టరు.

ఇప్పటికైనా ఒప్పుకుంటారా, మైకు వరమని? చెవులున్నాయి కదా, మళ్లీ మైకెందుకు అంటారేమో! మా ఇంట్లో ముగ్గురికీ కలిపి ఆరు చెవులున్నాయి. వాటిలో పనిచేయనిది ఒక్కటేనని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు.

పాపం, ఆయన తప్పేం లేదు. ఆయన పరీక్షించింది మా ఆవిడ ఒక్కదాన్నే!