చిన్న ప్లేటుకు జై!

చిన్న ప్లేటును తిట్టేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. ఈ రోజుల్లో మనిషికి కాస్తయినా మంచీ మర్యాదా నేర్పుతున్నది అదొక్కటే!

నమ్మరా? అయితే మీరింకా అన్నీ చిన్న ప్లేట్లలోనే వడ్డించే స్పానిష్ బార్‌లో అడుగు పెట్టలేదన్నమాట. మొన్న శనివారం సాయంత్రం మేం నలుగురం వెళ్ళాం. నేను, మా ఆవిడ, ఆవిడ చెల్లెలు, ఆ చెల్లెలి మొగుడు, అంటే నా తోడల్లుడు.

వెళ్ళడం వెనక ఒక కథ ఉంది. మరదలు కొత్త ఫ్లాట్‌లోకి మారి ఏడాది దాటింది. ఇంతవరకూ అక్కను గడప తొక్కమనలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "బయటెక్కడైనా కలుద్దాం అక్కా!" అంటుంది. మా ఆవిడ మనసులో అది ముల్లులా గుచ్చుకుపోయింది.

"తోడబుట్టినదాన్ని. ఇంటికి పిలవలేనంత పరాయిదాన్నయిపోయానా? ఇవాళ అడుగుతాను, కడిగేస్తాను!" అని క్యాబ్‌లో దారి పొడుగునా అంటూనే ఉంది. నేను బుద్ధిగా కిటికీలోంచి బయటికి చూశాను.

బార్‌లో కాళ్ళు నేలకు అందని ఎత్తు స్టూళ్ళ మీద కూర్చోబెట్టారు. మా ఆవిడ కాక్‌టెయిల్ వచ్చింది. గ్లాసు నిండా ఐసు, ఐసు మీద ఆకు, ఆకు మీద నారింజ తొక్క. వీటి సందులో ఎక్కడో కాక్‌టెయిల్ కూడా ఉందని వెయిటర్ హామీ ఇచ్చాడు. నా బీరులో నురగ బ్రహ్మాండంగా ఉంది. నిజానికి నురగే ఉంది.

తర్వాత క్రోకెట్లు, అంటే బొటనవేలంత వేపుడు ఉండలు, వచ్చాయి. మేం నలుగురం, అవి మూడు!

"షేర్ చేసుకోవడానికండీ" అన్నాడు వెయిటర్, ఎంతో ప్రేమగా.

చూశారా, నాగరికత ఇక్కడే మొదలవుతుంది! "మీరు తీసుకోండి అన్నగారూ" అన్నాడు తోడల్లుడు. "అబ్బే, నాకసలు ఆకలే లేదు" అన్నాను. కడుపులో ఎలుకలు పరుగు పందెం పెట్టుకున్నాయి. ప్లేటు నిండా ఉంటే ఇంత త్యాగం చేసేవాణ్ణా? పక్కవాడు తిన్నాడో లేదో చూసేవాణ్ణా?

ఆరోగ్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. రొయ్యలు వెల్లుల్లి నూనెలో ఈదుతూ వచ్చాయి. ఈత పోటీలు పెట్టుకునేంత జాగా ఉంది వాటికి! ఆలివ్ కాయలైతే, తిన్న దానికంటే ఊసిన గింజలే ఎక్కువ కనబడి, బాగానే తిన్నామన్న ధైర్యాన్నిస్తాయి. మరదలు ప్రతి ప్లేటుకూ ఫోటో తీసింది. జూమ్ చేసి చూస్తే నలుగురికీ సరిపోయేలా ఉంది.

అసలు ఉపకారం ఏమిటంటే, మా ఆవిడ అడగాల్సిన మాట నోటి చివరిదాకా రాగానే ఇంకో ప్లేటు దిగేది. వెయిటర్ దాని పుట్టు పూర్వోత్తరాలు మొదలుపెట్టేవాడు. చెప్పేది పూర్తయ్యేలోపు ప్లేటు ఖాళీ!

చివరికి బంగాళాదుంప ఆమ్లెట్ ముక్క ఒకటి మిగిలింది. నలుగురం దాని వంకే చూస్తున్నాం. మొహమాటంతో ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"తీసేయమంటారా?" అన్నాడు వెయిటర్.

"తీసేయండి, తీసేయండి" అన్నాం నలుగురం. తీసుకుపోయాడు, దుర్మార్గుడు.

ఉన్నట్టుండి మరదలు, "అక్కా, నాకాకలేస్తోందే!" అంది, చిన్నప్పటి గొంతుతో.

"నాకూనే!" అంది మా ఆవిడ. "మీ ఇల్లు ఇక్కడికెంత దూరం?"

"పక్క వీధే" అన్న మరదలి మొహం మరుక్షణం పాలిపోయింది. కానీ మాట నోరు దాటేసింది, మా ఆవిడ స్టూలు దిగేసింది.

తలుపు తీస్తే హాలు నిండా ఇంకా విప్పని అట్టపెట్టెలు. సోఫా మీద మడతపెట్టని బట్టల కొండ. కిటికీలకు కర్టెన్ల బదులు దుప్పట్లు.

"అందుకే పిలవలేదక్కా. నీ ఇల్లు అద్దంలా ఉంటుంది. ఇది చూసి ఏమనుకుంటావోనని..." మరదలు గబగబా సోఫా మీది బట్టలు పక్కకు తోసింది.

మా ఆవిడ హాలంతా కలయజూసింది. కడిగేసే ఘడియ వచ్చిందని నేను గోడకు ఆనుకున్నాను.

"పెనం ఏ పెట్టెలో ఉందే?" అంది.

నలుగురం పెట్టెలు విప్పాం. పెనం దొరికేసరికి సగం ఇల్లు సర్దుకుంది. ఫ్రిజ్‌లో ఉన్న గుడ్లన్నీ ఆమ్లెట్లయ్యాయి. అట్టపెట్టెల మీద కూర్చుని తిన్నాం. ఆఖరి ముక్క కోసం అక్కాచెల్లెళ్ళు గరిటెలు పట్టుకుని మరీ కొట్టుకున్నారు. "మీరు తీసుకోండి" అన్న పాపాన ఎవరూ పోలేదు!

మరి ఆ బార్‌వాళ్ళు కడుపు నిండా పెట్టి పంపి ఉంటే, ఆ గడప మేం తొక్కేవాళ్ళమా?

కాబట్టి ఆ బార్ యజమానికి నాదొకటే విన్నపం. నలుగురికి మూడు ముక్కలు మరీ ఎక్కువ, రెండు చాలు. వచ్చే శనివారం మా తమ్ముణ్ణి తీసుకొస్తున్నాను. వాడూ "బయట కలుద్దాంలే అన్నయ్యా" అనే అంటున్నాడు. వాడింటి తలుపు ఏ రంగో కూడా నాకింకా తెలియదు.