చదవగలిగే చీటీ చెల్లదు

నిప్పు కనిపెట్టాక మానవజాతి వేసిన రెండో పెద్ద ముందడుగు ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి పడింది. ఇకపై ఏడు రకాల చిన్న జబ్బులకు ఫార్మసిస్టులే పరీక్ష చేసి, మందు రాసి, ఇవ్వవచ్చని జాతీయ ఆరోగ్య సేవ పదకొండు పేజీల ఉత్తర్వు జారీ చేసింది. (తలనొప్పి ఆ ఏడింటిలో లేదు. అది ఉత్తర్వు చదివినవాళ్లకు వచ్చేది కనుక శాఖాపరమైన విషయంగా పరిగణించారు.)

వీధి మలుపులోని మందులాయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఇరవై రెండేళ్లుగా ఆయన కౌంటరు వెనక నిలబడి డాక్టర్ల రాతలు చదువుతున్నాడు. తలరాత బ్రహ్మకే తెలియాలి గానీ, డాక్టరు రాత మాత్రం ఈయనకే తెలియాలని పేటంతా చెప్పుకునేది.

మొదటి రోగిగా కుట్టుమిషను పెద్దమ్మ ఎడమ చెవి పట్టుకుని వచ్చింది.

"ఒకటే సలుపు బాబూ. కంటి మీద కునుకు లేదు. డాక్టరు దగ్గరికి పోతే పంతొమ్మిది రోజులాగి రమ్మన్నారు."

ఆయన లైటు వేసి చూశాడు. చెవిలో చీము పట్టింది. వేయాల్సిన చుక్కల మందు ఆయన వీపు వెనకే, అద్దాల బీరువాలో ఉంది. కంప్యూటరు ఒప్పుకుంటేనే దాని తాళం వస్తుంది. ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ రాసి కంప్యూటరుకు చూపించాడు. "చీటీ చదవడానికి వీలుగా ఉంది. నకిలీ అని అనుమానం" అని అది తిప్పికొట్టింది.

ఆయన వెంటనే చేతిరాతల ధ్రువీకరణాధికారికి ఫోన్ చేశాడు.

"మీది తప్పని కాదండీ," అన్నాడు అధికారి ఎంతో మర్యాదగా. "లక్ష అసలు చీటీలు చూపించి దానికి నేర్పించాం. వాటిలో ఒక్కటీ ఎవరికీ అర్థం కాలేదు. మీదేమో అర్థమైపోతోంది. అనుమానం రాదా మరి?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. మందులాయన అరగంట సాధన చేసి, ఎడమ చేత్తో, కళ్లు మూసుకుని ఒక గీత గీశాడు. కంప్యూటరు ఆమోదించింది. (పైగా "ధన్యవాదాలు, డాక్టరు గారూ" అంది.)

ఇక మందు ఇవ్వడమే తరువాయి. రాసేవాడూ ఇచ్చేవాడూ ఒకరే అయినచోట పక్షపాతం చొరబడకుండా, ఆయన కౌంటరు చుట్టూ తిరిగొచ్చి ఆ చీటీని కొత్తగా చదవాలి; అప్పటిదాకా బీరువా తాళం రాదు. 'గుర్తుండటం చదవడం కిందికి రాదు' అని ఆరో పేజీ స్పష్టం చేస్తోంది. చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. ఇరవై రెండేళ్లలో ఆయనకు అంతుపట్టని మొదటి చీటీ ఆయనదే.

అర్థం కాని చీటీ వస్తే, రాసినవారికి ఫోన్ చేసి కనుక్కోవాలని నియమం. చేశాడు. "మీరు పిలిచిన వ్యక్తి వేరొక కాల్‌లో ఉన్నారు" అంది ఫోను. మూడుసార్లూ అదే మాట.

"మందు నీ వెనకాలే ఉందిగా బాబూ?" అంది పెద్దమ్మ.

"ఉంది పెద్దమ్మా."

"చెయ్యి చాపితే అందదూ?"

"చెయ్యి అందుతుంది పెద్దమ్మా. రూలే అందట్లేదు."

బీరువా అద్దం పగలగొడదామనిపించింది ఆయనకు. నిజంగానే అనిపించింది. గోడ మీది లైసెన్సు చూసి ఆగిపోయాడు. ఆగిపోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పెద్దమ్మ చెవి పట్టుకునే వెళ్లిపోయింది.

పంతొమ్మిదో రోజున డాక్టరు రాసిన చీటీతో ఆమె మళ్లీ వచ్చింది. దాని మీద ఉన్నది ఒక వంకర గీత. ఒక్క చూపులో చదివేశాడు. అదే మందు. బీరువా బుద్ధిగా తెరుచుకుంది.

"పూటకు మూడు చుక్కలు పెద్దమ్మా. సలుపు ఎలా ఉంది?"

"ఏంటీ?"

ఆయన కౌంటరు దాటి వచ్చి కుడి చెవి దగ్గర అడిగాడు.

"సలుపు పోయింది బాబూ. ఆ చెవికి వినపడటమూ పోయింది," అంది ఆమె తేలిగ్గా. ఆయన తలెత్తలేకపోయాడు.

అంతలో ఆమె ఫోను మోగింది. కొత్త పథకం ఎలా ఉందో రోగుల్ని అడిగి తెలుసుకునే విభాగం వారు చేశారు. ఆమె అలవాటుగా ఎడమ చెవికి ఆనించుకుని, కాసేపు "హలో, హలో" అని, పెట్టేసింది.

మొదటి రోగికి ఫిర్యాదులేమీ లేవని నమోదైంది.