దంతవైద్యుని శ్వాసనాళ విజయము

వినుడు, పార్కింగు దొరకక వీధులు తిరుగు పౌరులారా! ఒకానొక ఆదివారపు ఉదయమున, భానుడు మిద్దెలమీది నీళ్ల ట్యాంకులకు బంగారుపూత పూయుచుండగా, ఐదంతస్తుల భవనపు పాతాళమున, అనగా సెల్లారులో, సహస్రదంతోత్పాటనధురంధరుడును, పుప్పిపళ్లపాలిటి కాలయముడును, మొండిపట్టున నిరుపమానుడును అగు దంతవైద్యుడొకడు తన పురాతన శకటరాజము బానెట్టు ఎత్తి, చొక్కాచేతులు మడిచి, యుద్ధసన్నద్ధుడై నిలిచెను.

ఆ సెల్లారునుండి వీధికెక్కు వాలు ఒకటి కలదు. అది మేరువు కాదు, వింధ్యము కాదు. పిల్లలు ఈల వేయుచు సైకిళ్లపై ఎక్కుదురు. ఈ శకటము మాత్రము సగమెక్కి, దగ్గి, ఆయాసపడి, వెనుకకు జారును. అంతట అత్తగారు మోకాళ్లు పట్టుకొని దిగి, నడిచి పైకి పోవలెను. వారము వారము ఇదే తంతు. చూచి చూచి విసిగిన ధర్మపత్ని తీర్పు చెప్పెను.

"ఇంకొక్కసారి అమ్మ దిగాల్సి వస్తే, బండిని తుక్కుకి ఇచ్చేద్దామండీ. మీరేం అనుకోకండి."

అనుకొనకుండుటెట్లు? జ్ఞానదంతము పీకించుకొన్న నాడు, వాచిన బుగ్గతో, ఆమె తొలిసారి ఆయన పక్కన కూర్చున్నది ఆ ముందుసీటులోనే.

ఊపిరాడకనే బండి ఆయాసపడుచున్నదని నిర్ధారించి, ఆయన స్వహస్తములతో నూతన శ్వాసనాళము నిర్మించెను. స్నానాలగది మరమ్మతులో మిగిలిన ప్లాస్టిక్కు గొట్టము దాని కంఠము. దాని ముక్కున, ధూళిసైన్యమును ఆపుటకు, వంటింటినుండి అపహరించి స్పాంజి చుట్టిన టీ వడకట్టే జాలీ. గాలి వడకట్టు పాత ఫిల్టరు డబ్బా స్క్రూలు తుప్పుపట్టి కదలనన్నవి. వీరుడు పళ్లు పీకు పట్టకారు చేపట్టి, అలవాటు చొప్పున, "నొప్పిగా ఉంటే చెయ్యెత్తు" అని ఇంజనుతో పలికి, ఒక్కొక్కదానిని సమూలముగా పెకలించెను.

డబ్బాలో ఎలుకగూడు! కనిపించకుండ పోయిన అత్తగారి స్వెట్టరు అందులో పోగులుపోగులుగా కుక్కి ఉండెను. అల్పవిషయమని వీరుడు దానిని పక్కన పారవైచి, గొట్టము బిగించి, అతుకులగుండా గాలి జొరబడకుండ దంతాల అచ్చు తీయు గులాబిరంగు ముద్దతో మెత్తెను.

అంతలో జాలీ వెదకుచు ధర్మపత్ని దిగివచ్చెను. ఆమె గూడును చూచెను, గొట్టమును చూచెను, నూనె పూసుకొన్న భర్త మొగమును చూచెను. మూసుకుపోయిన ముక్కు తెరిచినచో చాలునని, గొట్టముతో పనిలేదని ఆమెకు ఇట్టే తెలిసిపోయెను. టీ ఆలస్యమగునని మాత్రము చెప్పెను.

అపుడు వీరుడు శకటమును ఉద్దేశించి గర్జించెను: "ఓ చతుశ్చక్రధారీ! నేడు నీ శ్వాసకు అడ్డు లేదు. ఎక్కుము! ఎక్కనిచో నీకు తుక్కుదుకాణము, నాకు సిటీబస్సు!"

ధర్మపత్ని ముందుసీటున కూర్చుండెను. అత్తగారు వెనుకసీటున ఆసీనురాలై, అల్లుడు కట్టిన పళ్లసెట్టును ముందుజాగ్రత్తగా తీసి రుమాలులో మూటగట్టెను. ఫస్టు గేరు పడెను. శ్వాసనాళము మత్తగజమువలె ఘీంకరించెను. సగము వాలు వచ్చెను. అత్తగారు అలవాటుగా తలుపుపిడిపై చెయ్యి వేసెను. బండి దగ్గలేదు. ముందుచక్రములు వీధిని ముద్దాడెను, వెనుకచక్రములు అనుసరించెను.

అత్తగారు పళ్లు పెట్టుకొనిన పిమ్మటనే నోరు విప్పెను.

"పళ్ళు కట్టినప్పుడే అనుకున్నాను. అల్లుడుగారి చేతిలో పనితనం ఉంది."

వీరుడు గొంతు సవరించుకొని భార్యవైపు తిరిగెను. "చూశావా, గొట్టం మహిమ?"

ఆమె తన కొంగుకు అంటిన తల్లి స్వెట్టరు పోగును దులిపి, కిటికీలోనుండి వదలివైచెను.

"చూశానండీ. దాన్ని అలాగే ఉండనివ్వండి. టీకి ఇంకో జాలీ కొనుక్కుందాం."

దిక్కులు దద్దరిల్లునట్లు హారను మ్రోగెను. సకలలోకములు ఎరుగునుగాక: ఆనాడు అత్తగారు కారు దిగలేదు.