గుమస్తా సర్దిన జవాబుల వరస

ఆ ఉదయం గుమస్తా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి ఆఫీసుకు వెళ్లాలి, తాను తయారుచేసిన పరీక్షను మేనేజరు కంప్యూటర్లో పెట్టాలి, సాయంత్రం ఉద్యోగం పర్మనెంటైన కాగితం జేబులో వేసుకుని ఇంటికి రావాలి. ఆరు నెలల ప్రొబేషను ఆ రోజుతో ఆఖరు. మేనేజరు ముందే తేల్చి చెప్పాడు: "మనది అట్టపెట్టెల ఫ్యాక్టరీ. నిప్పురవ్వ పడితే చాలు, బూడిదే. మూడింటికి ఫైర్ ఇన్‌స్పెక్టరొస్తాడు. ఆలోగా స్టాఫందరికీ పరీక్ష పెట్టి పాస్ చేయించావా, నీ కాగితం మీద సంతకం పెడతా. లేదంటే నీ దారి నీది."

పరీక్ష మాత్రం ముద్దొచ్చేలా కుదిరింది. స్ప్రెడ్‌షీటులో ఇరవై ప్రశ్నలు, ఒక్కోదాని పక్కన నాలుగేసి జవాబులు, చివరి నిలువు వరసలో సరైన జవాబు అక్షరం. మీట నొక్కితే మాక్రో అనే చిన్న ప్రోగ్రాము ఒక్కో ప్రశ్ననూ తెచ్చి చూపిస్తుంది. ఒప్పయితే ఆకుపచ్చ పెట్టె, తప్పయితే ఎర్రపెట్టె. ఎన్ని ప్రశ్నలుండాలి, తప్పు చేసినవాణ్ణి ఏం చేయాలి అన్నవి ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. ముందురోజు భార్యకు పరీక్ష పెడితే ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. పోయిన ఆ ఒక్కటీ కంప్యూటర్ తప్పేనని ఆవిడ తీర్పు.

"ఏవండీ, బస్సెళ్లిపోతుంది! ఇంకా ఆ డబ్బా ముందేనా?" అని ఆవిడ గుమ్మంలోంచి కేకేసింది.

గుమస్తా ల్యాప్‌టాప్ మూత వేయబోతూ చివరి వరస చూశాడు. బి, సి, ఎ, డి, మళ్లీ సి. చిందరవందర! ఇంట్లో చెప్పుల్ని కూడా సైజుల ప్రకారం పేర్చే మనిషి ఓర్చుకోగలడా? ఆ వరసను ఎంచుకుని సర్దే మీట నొక్కాడు. "పక్క వరసలను కూడా కలిపి సర్దమంటారా?" అని కంప్యూటర్ మర్యాదగానే అడిగింది. వాటి జోలి నీకెందుకనుకుని వద్దన్నాడు. ఐదు ఎ-లు, ఐదు బి-లు, ఐదు సి-లు, ఐదు డి-లు బుద్ధిగా నిలబడ్డాయి. ప్రశ్నలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. చేసుకున్నవాడికి చేసుకున్నంత!

ఆఫీసులో మేనేజరే మొదట కూర్చున్నాడు. మొదటి ప్రశ్న వచ్చింది. "ప్రమాద గంట మోగితే ముందుగా ఏం చేయాలి? ఎ. నిజమో కాదో మేనేజరుగారిని అడగాలి. బి. మెట్లు దిగి బయటికి వెళ్లాలి. సి. లిఫ్టు ఎక్కాలి. డి. ఫొటో తీయాలి." మేనేజరు గడ్డం గోక్కుని ఎ నొక్కాడు. ఆకుపచ్చ పెట్టె వెలిగింది.

"శభాష్! ఇన్నాళ్లకి ఈ ఆఫీసులో ఒక బుర్రున్నవాడు దొరికాడయ్యా!" అని గుమస్తా భుజం తట్టాడు.

తాను పొద్దున ఏం వెలగబెట్టాడో గుమస్తాకు అప్పుడర్థమైంది. "సార్, అదీ... జవాబులు కాస్త తారుమారయ్యాయి సార్."

"తారుమారా? అంటే నన్నడగడం తప్పంటావా?"

సంతకం పెట్టవలసిన కాగితం అదే బల్ల మీద, మేనేజరు చేతి కిందే ఉంది. గుమస్తా ఆ కాగితం వంకే చూస్తుండగా మేనేజరు పరీక్షను తనకు కావలసినట్టు మార్చేశాడు. ఒప్పు చెప్పేదాకా తర్వాతి ప్రశ్న రాకూడదు. పైగా ఎవరూ కెలక్కుండా పాస్‌వర్డు కూడా పెట్టేశాడు.

స్టాఫు ఒక్కొక్కరే వచ్చారు. ఎర్రపెట్టె వస్తే ఇంకోటి నొక్కారు, ఆకుపచ్చ వచ్చేదాకా నొక్కారు, నేర్చుకున్నారు, వెళ్లారు. అందరూ పాసే. స్టోర్‌కీపరు దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. అందరూ పెద్దాయన అని పిలిచే ఆయన గతంలో నిజంగానే ఒకసారి మంటలార్పినవాడు. మొదటి ప్రశ్న దగ్గరే నలభై నిమిషాలు బి తప్ప ఇంకోటి నొక్కనన్నాడు.

"ఎ నొక్కి ముందుకు కదలండి పెద్దాయనా, లైను ఆగిపోయింది," అన్నాడు మేనేజరు.

"కాలిపోతుంటే మీ గది ముందు నిలబడమంటారా? నా వల్ల కాదు బాబూ, ఫెయిలని రాసుకోండి!" అని విసురుగా లేచి వెళ్లిపోయాడు.

సరిగ్గా మూడింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఎవరికీ చెప్పకుండా గంట మోగించి, చేతిలో గడియారంతో ముంగిట్లో నిలబడ్డాడు. పైన స్టాఫంతా చక్కగా లేచి మేనేజరు గది ముందు వరస కట్టారు.

"సార్, గంట నిజమేనాండీ?"

మేనేజరు తలుపు తీసి అయోమయంగా చూశాడు. "ఉండండి ఉండండి. మరి నేనెవర్నడగాలి?"

గుమస్తాకు ఇక ఆగబుద్ధి కాలేదు. ఉద్యోగం పోతే పోయింది, మనుషులు కాలిపోతే? "మెట్లు! మెట్లు దిగండి! పరీక్ష తప్పు!" అని కింద ముంగిట్లోకి వినబడేలా గొంతు చించుకున్నాడు. "పరీక్షలో అలా లేదుగా!" అంది రిసెప్షనిస్టు. ఒక్కరూ కదల్లేదు.

పదకొండు నిమిషాలు చూసి ఇన్‌స్పెక్టరు తానే మెట్లెక్కి వచ్చాడు. వెనకే పెద్దాయన. "పాసైనవాళ్లంతా లోపల, ఫెయిలైనాయన ఒక్కడే బయట! ఈ పరీక్ష చేసిన మహానుభావుడెవరు?"

"నేనే సార్. జవాబుల వరసొక్కటే సర్దాను, ప్రశ్నల్ని వదిలేశాను. తప్పు నాదే," అని గుమస్తా తల దించుకున్నాడు. మేనేజరు బల్ల మీది కాగితాన్ని సంతకం పెట్టకుండానే తీసి నాలుగు మడతలు పెట్టాడు.

"ఆగండి," అని ఇన్‌స్పెక్టరు పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాడు. "గంట మోగాక మెట్లన్న మాట వచ్చింది ఈయనొక్కడి నోట్లోంచే. జవాబులు సరిచేసి మళ్లీ పరీక్ష పెట్టాలి. ఒక ప్రశ్నకు ఒకటే నొక్కుడు. మీతో సహా అందరూ ఇరవైకి ఇరవై తెచ్చుకునేదాకా ఈయన్ని ఉద్యోగంలోంచి కదిపారో, ఫ్యాక్టరీకి తాళం పడుతుంది."

నెల తిరక్కుండా అందరూ గట్టెక్కారు, ఒక్కరు తప్ప. "ఇంతకీ పర్మనెంటేనా, కాదా? సరిగ్గా చెప్పండి!" అని భార్య నిలదీసింది.

"మేనేజరుగారి చదువును బట్టి," అన్నాడు గుమస్తా.

ఆయన ఇప్పటికి నాలుగుసార్లు రాశాడు. గుమస్తా ఉద్యోగానికి ఇంకో పదేళ్లు ఢోకా లేదు.