భారీ వినియోగదారు

గౌతమి సంచి నేనే సర్దినాను. అడుగున బట్టలు, మీద ఒక డబ్బా చెనిక్కాయ పొడి, దాని మీద ఇంకో డబ్బా చెనిక్కాయ పొడి. జిప్పు పడకపోతే ప్రయాణం ఆగుతుందేమోనని నా ఆశ. నా మనవరాలు సంచి మీద కూర్చుని జిప్పు లాగేసింది. దాని తల్లి కువైట్ పోయినప్పుడు ఆమె సంచీ నేనే సర్దినాను. ఆ జిప్పూ పడింది.

అప్పుడే పంచాయతీ మైకు మోగింది.

"వైర్‌లెస్ వినియోగదారుల సంఘం అధ్యక్షులు శ్రీ ఓబుళేసు గారి దూరదృష్టి వల్ల, మన ఊరి చివరి భారీ వినియోగదారు ఈరోజు స్వచ్ఛందంగా ఊరు విడుస్తున్నారు. అందరూ వచ్చి ఆశీర్వదించవలసిందిగా మనవి!"

పత్రిక చదివే మీకు ఓబుళేసు గొప్పతనం తెలియకపోవచ్చు. నేను పొట్లాల కాగితాల మీద చదువు నేర్చుకున్నదాన్ని, నాకు తెలిసినంత చెబుతాను.

ఆయన ఇరవై ఏళ్లు మా కాలువకు నీటి సంఘం అధ్యక్షుడు. ఆయన హయాంలో నీళ్ల కోసం ఒక్క తగాదా జరగలేదు. కాలువలోకి నీళ్లు కూడా రాలేదనుకోండి. ఆ అనుభవం చూసే, పంచాయతీ మిద్దె మీద సర్కారు బిగించిన వైర్‌లెస్ పెట్టెను కూడా ఆయనకే అప్పజెప్పినారు.

పెట్టె చిన్నది, నెట్టు సన్నం. ఊరంతా ఒకేసారి పట్టుకుంటే ఎవరి ఫోన్లోనూ బొమ్మ కదలదు. గౌతమి ఆ నెట్టుతోనే బెంగళూరు కంపెనీకి ఇంట్లో కూర్చుని పని చేసేది. నెట్టు ఉంటే దాని మంచం నా మంచం పక్కన ఉంటుంది. లేకుంటే బెంగళూరు పోతుంది. నా బాధంతా అదే.

ఓబుళేసు సభ పెట్టినాడు. "నీళ్లు తక్కువైతే ఏం చేస్తామప్పా? వంతులు పెడతాం. నెట్టూ అంతే!"

చెరువు ఎండినప్పటి నుంచి నీరుగంటి మారెప్పకు పని లేదు. మళ్లకు వంతులవారీగా నీళ్లు వదిలినవాడు, ఇక వీధులకు నెట్టు వదలాల. పార భుజాన వేసుకొని మిద్దె ఎక్కినాడు.

"పార ఎందుకు మారెప్పా?"

"గండి పడితేనో అక్కా?"

పొద్దున పై వీధి, మధ్యాహ్నం కింద వీధి. గౌతమి పని మాత్రం రోజంతా. వారం తిరక్కుండానే మారెప్ప మా వాకిట్లో నిలబడినాడు. "మీ పాప తూము తెరిచే పెట్టిందక్కా. కింద వీధికి చుక్క పోలేదు."

పెట్టెను చూసుకునే సర్కారు ఇంజనీరు చైతన్య వచ్చి ఎవరెంత వాడుతున్నారో కంప్యూటర్లో చూసినాడు. అందరికన్నా ఎక్కువ వాడేది అధ్యక్షుల ఫోనే. తన ఉపన్యాసాల వీడియోలు ఆయన రోజూ చూసుకుంటాడు.

"అది వాడకం కాదు సార్, సమీక్ష," అన్నాడు ఓబుళేసు.

ఆయన పేరు తీసేస్తే మిగిలింది క్రికెట్ చూసే వీరేష్, ఆ తర్వాత గౌతమి. భారీగా వాడేవాళ్లు ఊరు విడిస్తే మిగతావాళ్లకు స్పీడు పెరుగుతుందని సంఘం తీర్మానం చేసింది. వీరేష్‌కు శాలువా కప్పి హిందూపురంలో అత్తగారింటికి పంపినారు. గౌతమి పోయి అడిగింది.

"మామా, నేను సినిమాలు చూడ్డంలా. పని చేస్తాండా."

"అదే తప్పు పాపా. సినిమా అయితే మూడు గంటల్లో అయిపోతాది. పనికి ముగింపు యాడుండాది?"

"అంటే పొమ్మంటాండావా?"

"ఛ! కొన్నాళ్లే. స్పీడు పెరిగినాక నేనే వచ్చి పిల్చుకొస్తా."

దానికీ శాలువా కప్పినారు. నేను బస్సు కిటికీ వదల్లేదు. కండక్టరే నా వేళ్లు తీసినాడు.

స్పీడు నిజంగానే పెరిగింది. వీడియోలో గౌతమి గడ్డం మీద పుట్టుమచ్చ కూడా తేటగా కనిపించింది. "తిన్నావా?" అని అడిగేలోపే మిద్దె మీద నుంచి మారెప్ప, "అక్కా, వంతు అయిపోయింది!" అని కేకేసేవాడు. వీధిలో నేను తప్ప ఎవరూ వాడకపోయినా వంతు వంతే. క్రమశిక్షణ అంటే మా ఊరిదే.

వేసవి చివర చైతన్య మళ్లీ వచ్చినాడు. "మీ సమీక్ష తీసేస్తే మీ ఊర్లో వాడకం లేదు. వాడకం లేని చోట పెట్టె ఉంచొద్దని పైనుంచి ఉత్తర్వు."

ఓబుళేసు మొహం వాడిపోయింది. "ఎంతమంది వాడాల సార్?"

"గట్టిగా వాడేవాళ్లు ఒక్కరున్నా చాలు."

ఆ సాయంత్రమే ఓబుళేసు ఖాళీ సంచితో మా ఇంటికి వచ్చినాడు. "పెద్దమ్మా, నేను మాట తప్పే మనిషిని కాను. గౌతమిని పిల్చుకొస్తా. నీ చేతి పొడి ఒక డబ్బా పెట్టు, చూస్తానే దిగొస్తాది."

సంచి నేనే సర్దినాను. ఒక్క డబ్బానే పెట్టినాను, జిప్పు సులభంగా పడేటట్టు. "భారీ వినియోగదారును సగౌరవంగా తోడ్కొని వచ్చుటకు" అధ్యక్షుల వారు బయలుదేరుతున్నారని మైకు చాటింది. నేను గౌతమి మంచానికి కొత్త నులక అల్లించినాను.

నాలుగు రోజులకు బెంగళూరు నుంచి ఆయన వీడియో కాల్ వచ్చింది. వెనక పెద్ద మేడలు. "పెద్దమ్మా! ఈడ నెట్టు ఎంత బాగుండాదంటే, నా ఉపన్యాసం ఒక్కసారి కూడా ఆగలా! వంతులే లేవు!"

"గౌతమి కనపడిందా?" అని అడిగినాను. వంతు అయిపోయింది.

పెట్టెను శ్రావణంలో విప్పుకొని పోయినారు. మారెప్ప ఇప్పటికీ పొద్దున పై వీధి అని, మధ్యాహ్నం కింద వీధి అని కేక వేస్తాడు. గౌతమి ఉగాది మర్నాడు పోయింది. ఓబుళేసు ఆషాఢంలో పోయినాడు. ఇద్దరూ తిరిగి రాలేదు.