షఫీవుల్లా వేయని బోరు

ఆ రోజు పొద్దున షఫీవుల్లా పెట్టుకున్న పని చిన్నదే. టీ తాగాలి, అల్యూమినియం పట్టీలు కోయాలి, పన్నెండు లోపల ఓబుళేసు ముందు తలుపు నిలబెట్టాలి. బత్తలపల్లెలో ముప్పై ఏళ్ళుగా ఏ ఇంటికి తలుపు కావాలన్నా వడ్రంగి షఫీవుల్లా చెయ్యి పడాల్సిందే. అలాంటిది, కొత్తగా హోటలు పెడుతున్న ఓబుళేసు "చెక్కకు చెదలు పడతాదప్పా, అనంతపురం వాళ్ళతో అల్యూమినియం తలుపు చేయిస్తా" అనేసరికి ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ తలుపూ నేనే చేస్తా. రేపు పన్నెండుకు తయారు కాకపోతే వాళ్ళనే పిలుచుకో పో!" అని సవాలు చేసి వచ్చాడు. ఒక్క తలుపు వాళ్ళ చేతికి పోయిందంటే ఊరి తలుపులన్నీ దాని వెనకాలే పోతాయని ఆయనకు తెలుసు.

ఆయన భార్య ఫిర్దోస్ తమ్ముడు హిందూపురంలో అల్యూమినియం పనే చేస్తాడు. అందుకే ఆమె చెప్పి చూసింది. "ముందు ప్లగ్గు పీకి, రంపానికున్న ఆ పెద్ద పళ్ళ బ్లేడు తీసేయ్. మా తమ్ముడిచ్చిన సన్న పళ్ళది బిగించు. అల్యూమినియం అంటుకోకుండా పళ్ళకు కొవ్వొత్తి రుద్దు. పట్టీ కింద చెక్క పెట్టి క్లాంపులు బిగించు. కండ్లద్దాలు పెట్టుకో."

"నిన్న మొన్న పుట్టిన నీ తమ్ముడు నాకు రంపం నేర్పుతాడా? తుమ్మ మొద్దులు కోసినోణ్ణి, ఈ బోలు పట్టీ నాకొక లెక్కా?"

స్విచ్చి వేశాడు. పట్టీ రంపానికి తగిలిందో లేదో, అమ్మో, ఏం కేక అది! వీధి కుక్కలన్నీ ఒక్కసారి లేచి మొరిగాయి. రంపం పట్టీని పళ్ళతో పట్టుకుని విసిరికొట్టింది. అది షఫీవుల్లా చెవి పక్కగా దూసుకుపోయి, గోడ దాటి, జయరాముడి పెరట్లో పడింది.

పక్కింటి జయరాముడి బోరు అప్పటికే దగ్గుతూ, మూలుగుతూ రోజుకు నాలుగు బిందెలు పోస్తోంది. వరుసగా మూడో ఏడు కరువు. ఆ రోజుల్లో ఊళ్ళో అంత చప్పుడు చేసేది బోరు బండి ఒక్కటే. గోడ అవతల కేక, పైకి లేచిన దుమ్ము, పెరట్లో వచ్చి పడిన గొట్టం. ఇంకేం కావాలి? ఆ గొట్టం భుజాన వేసుకుని పరుగున వచ్చాడు.

"నా గోడ పక్కనే బోరు ఏస్తాండావా షఫీ?"

"బోరు యాడిదన్నా? తలుపుకు పట్టీలు కోస్తాండా."

అదే తప్పయిపోయింది. ఆ సీమలో బోరు వేసేవాడెవడూ వేస్తున్నానని చెప్పడు. దిష్టి తగిలి నీళ్ళు పడవని భయం. లేదన్నాడంటే ఉన్నట్టే.

జయరాముడు పట్టీని కింద పడేసి, బోరు ఆగిపోవాలని షఫీవుల్లా గోడకున్న ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, ఫిర్యాదు చేయడానికి మండలాఫీసు దారి పట్టాడు. దారిలో ఎదురైన ప్రతి మనిషికీ చెప్పాడు. అరగంటలో షఫీవుల్లా వాకిట్లో అరవై బిందెలు వరుస కట్టాయి. అందరికన్నా ముందు ఆ వీధి చిన్నక్క కూర్చుంది.

"ఎన్నడుగులు దిగింది షఫీ?"

"బోరు లేదు తల్లీ!"

"అందరూ అట్లనే అంటారులే. మాకేం తొందర లేదు, కూచుంటాం."

పదకొండయింది. షఫీవుల్లాకు ఒళ్ళు మండిపోయింది. ఊరి మీద కోపం, జయరాముడి మీద కోపం, అన్నిటికన్నా తన మీద కోపం.

"కూచోండి! ఆ గోడ కాడికి జరిగి కూచోండి! ఈ షఫీవుల్లా ఏం కోస్తాడో కండ్లారా చూసే పోండి!" అని అరిచాడు. తర్వాత భార్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఆ కొవ్వొత్తి ఇట్ల తే."

ఫిర్దోస్ కొవ్వొత్తి, కండ్లద్దాలు, సన్న పళ్ళ బ్లేడు, వంటింటి బోర్డు నుంచి పీకిన ఫ్యూజు చేటలో పెట్టుకుని అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

ఈసారి అన్నీ ఆమె చెప్పినట్టే చేశాడు. పట్టీని మెల్లగా తోశాడు. రంపం కేక వేయలేదు, కాస్త గొణిగి ఊరుకుంది. పట్టీ వెన్నలా తెగింది.

"ఇంతేనా? చుక్క తడి లేదే!" అని చిన్నక్క ఉసూరుమంది.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా చివరి స్క్రూ బిగిసింది. అప్పుడే వచ్చిన ఓబుళేసు మూలల మీద వేలు రాసి చూశాడు. "నున్నగా ఉండాదే! కిటికీలు కూడా నువ్వే చెయ్ అప్పా," అన్నాడు. షఫీవుల్లా ఫిర్దోస్ వైపు చూశాడు. ఆమె కొవ్వొత్తి ముక్కను కొంగున ముడి వేసుకుంటోంది.

సరిగ్గా ఆ సమయానికే ఆ దారిన పోతున్న నీళ్ళ ట్యాంకరు, అరవై బిందెల వరుస చూసి అక్కడే ఆగింది. బిందెలన్నీ నిండాయి. ఒలికిన నీళ్ళకు వాకిలంతా బురదయింది.

మూడు గంటలకు జయరాముడు ఆఫీసరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆఫీసరు ఇల్లంతా తిరిగి, ఎలుక బొక్క కూడా దొరక్క, జయరాముణ్ణి నాలుగు తిట్టి వెళ్ళిపోయాడు. జయరాముడు మాత్రం కదల్లేదు. బురదను చూస్తూ షఫీవుల్లా పక్కన చేరాడు.

"అయిందేదో అయిపాయ. నాకొక్కనికి చెప్పు. ఎన్నడుగులకు పడింది?"

"అల్లా మీద ఒట్టన్నా, బోరు లేదు!"

"ఒట్టేసి లేదంటాండావంటే బాగానే పడింది," అని జయరాముడు బిందెలు తెచ్చుకోవడానికి ఇంటికి పోయాడు.