జయరాముడు సీట్లోనే ఉన్నాడు

ఉద్యోగి సంచి సర్దుకుని బస్సెక్కితే వెళ్ళిపోయినట్టేనని లోకమంతా పొరబడుతోంది. వెళ్ళడమనేది కంప్యూటరు ఒప్పుకోవాల్సిన సంగతి.

2001లో, మేఘమాల విత్తన సంఘం యాడికి డిపో నుంచి గుమ్మఘట్టకు బదిలీ అయిన ఆపరేటరు జయరాముడు సంచిలో టిఫిను డబ్బా, గాజుగ్లాసు, కదిరి నరసింహస్వామి పటం సర్దుకున్నాడు. పోయేముందు కంప్యూటర్లో ‘లాగాఫ్’ కొట్టాలని నియమం. అంటే ‘ఇక పోతున్నా’ అని అర్థమట. గడప దాటేవాడు అట్లా అంటాడా? మీట ముట్టుకోకుండా తెరకు దండం పెట్టి, “పోయొస్తా” అని చెప్పి, కరెంటు ఆపి వెళ్ళాడు.

ఇక్కడ పరిపాలన లోతు కొంత చెప్పాలి. అసలు కంప్యూటరు అనంతపురంలో, ఏసీ గదిలో ఉంటుంది. పేరు మినీ, ఆకారం బీరువా. డిపోలకు మాత్రం రంగుల తెరల పీసీలు వచ్చాయి. మినీకి కొత్తవాళ్ళతో మాట్లాడే అలవాటు లేదు గనక, పీసీలు సొంత బుర్ర లేని పాత టెర్మినళ్ళలా నటించేందుకు ఎమ్యులేషన్ అనే ప్రోగ్రాం వేశారు. రంగులు పోయి, నల్ల తెర మీద పచ్చక్షరాలు మిగిలాయి. (కొత్త కోడలికి అత్తగారి దగ్గు నేర్పించినట్టు.) డిపోకు ఒక్కటే సీటు. అందులో ఉన్నవాడు లేచానని తానే చెప్పేవరకు మినీ ఇంకొకరిని కూర్చోనివ్వదు.

వాన పడింది. నేలలో పదును ఆరేలోగా వేరుశనగ విత్తాలి. నేనూ మా తమ్ముడు బాలప్పా విత్తనాలకు డిపోలో వరుసలో నిలబడ్డాం. ఈసారీ చేను బీడు పడితే బెంగళూరుకు వాచ్‌మన్ పనికి పోతానని వాడు ముందే చెప్పాడు.

కొత్త ఆపరేటరు పద్మప్రియ తెర చూసి, “సీట్లో జయరాముడు ఉండాడంట, లేయాల” అంది.

“ఏమ్మా, కుర్చీలో నువ్వే కదా ఉండేది?” అన్నాడు బాలప్ప.

“నేను కుర్చీలో ఉండా. ఆయప్ప సీట్లో ఉండాడు.”

“మూటలు ఈడే కనపడతాండాయి. చేత్తో ఇచ్చేయ్.”

“నీకు కనపడితే చాలదన్నా, మినీకి కనపడాల.”

“దేవుని మాదిరి ఉండాడప్పా జయరాముడు,” అన్నాడు వెనక నుంచి ఒకాయన. “మనకు కనపడడు, పనీ చేయడు.”

సీట్ల విముక్తి అధికారి నాగేశ్వర గారు జీపులో వచ్చి చిక్కు వివరించారు. జయరాముడు యాడికిలోనే ఉన్నట్టు మినీ చూపుతోంది కాబట్టి గుమ్మఘట్టలో చేర్చుకోలేదు. చేరనివాణ్ణి అక్కడివాళ్ళు పంపలేరు. ఇక్కడే ఉన్నవాణ్ణి ఇక్కడికి పిలవడమూ కుదరదు. పైగా రాత్రింబవళ్ళు సీటు వదలనందుకు మినీ అతనికి ఓవర్‌టైం రాసింది. (ఇట్లాంటి ఉద్యోగి జిల్లాలోనే లేడని నాగేశ్వర గారు గర్వపడ్డారు.)

“మినీని ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే, సార్?” అంది పద్మప్రియ.

“జిల్లా అంతా సీట్లలోంచి లేచిపోతుందమ్మా. ఒక్క మనిషి కోసమా?”

(వెళ్ళినవాళ్ళు ఇంకా ఇక్కడే ఉన్నారని నమ్మినందుకు మినీని నేను తప్పుపట్టలేను. దానికి ఏసీ ఉంది, నాకు లేదు. అంతే తేడా.)

పదును ఆరింది. బాలప్ప సంచిలో రెండు పంచెలు, ఒక దుప్పటి, కొర్రల మూట పెట్టాను.

“ఏడవద్దక్కా. పోయొస్తా.”

దసరా తర్వాత జయరాముణ్ణి ప్రత్యేక అనుమతితో, భత్యం ఇచ్చి, తన సీటు దగ్గరికే రప్పించారు. అతను దండం పెట్టి, కళ్ళు మూసుకుని మీట నొక్కాడు. సీటు ఖాళీ అయింది. ఎండాకాలంలోనే ఎక్కించిన రైతుల జాబితా తెరుచుకుంది; పచ్చక్షరాల్లో మొదట వచ్చిన పేరు బాలప్పది. వరుసలో ఉన్నాడని మినీ చెప్పింది.

బాలప్ప 2001 జూలై నెలాఖరున బెంగళూరు బస్సెక్కాడు. తిరిగి రాలేదు.